మూడో పిలుపు

కొత్తగూడ,
20-1-1999, బుధవారం.
ఉదయం ఎనిమిదిన్నరకు 24 డిగ్రీలు. గాలి దక్షిణం నుంచి, గట్టిగా.

చిరంజీవి యజ్ఞనారాయణకు అక్క పుణ్యవతి దీవెనలు.

కుశల ప్రశ్నల కంటే ముందు డిగ్రీలు రాయాలని నువ్వు పెట్టిన రూలు పాటించాను, చూసుకో. నువ్వు పంపిన థర్మామీటరు వసారాలో మేకుకి వేలాడుతోంది. దాన్ని చదవడానికి రోజూ కళ్లజోడు వెతుక్కోవాలి. ముప్పై రెండేళ్లు పిల్లలకు తెలుగు వాచకం చెప్పి రిటైరైన దాన్ని, ఈ వయసులో నీకు అసిస్టెంటుగా చేరాను. జీతం లేదు, సెలవు లేదు.

నీ ఉత్తరం నిన్న చేరింది. ఈ ఏడు మీ కొండ మీద చలి తక్కువగా ఉందని, గాలి వెచ్చగా వీస్తోందని రాశావు. చదివి నా ప్రాణం కుదుటపడింది. మంచు ఎంత పడిందో కొలవడానికి మనిషి ఏడాదిలో నాలుగు నెలలు మంచులోనే కూర్చోవాలా అని నీకు ఉద్యోగం వచ్చిన రోజు నుంచీ అడుగుతున్నాను. కనీసం ఈ చివరి చలికాలమైనా నీ వేళ్లు కొంకర్లు పోకుండా గడుస్తుందన్నమాట.

ఇక్కడా అంతే. పుష్యమాసం మొదట్లోనే ఫ్యాను తిప్పుతున్నాం. మా ప్రవీణ పనిచేసే కొత్త గాజు మేడ మా డాబా మీదికి కనిపిస్తుంది. లోపల చలికి స్వెట్టరు వేసుకుంటారట, గేటు దాటితే చెమటట. "మామయ్యకి మెయిల్ పెట్టొచ్చు కదమ్మా" అంటుంది. కొండ మీద నీకు కంప్యూటరు ఎవరు పెడతారు? ఫోనుకి అర్జీ పెట్టి పద్నాలుగు నెలలైంది, మా వీధికి తీగే రాలేదు.

ఇంటి వెనక రాళ్ల గుట్ట నీకు గుర్తుందిగా. రాయి మీద రాయి పడిపోతున్నట్టే ఉండి పడకుండా నిలబడి ఉంటాయి. సగం కొట్టేశారు, సగం మిగిలింది. ఆ సందుల్లోంచి ఈ గాలి దూరి వస్తుంటే ఎవరో గొంతు సవరించుకుంటున్నట్టు వినపడుతోంది. పక్క స్థలంలో లేస్తున్న అపార్ట్‌మెంటుకి పోచయ్య అని వాచ్‌మన్ ఉన్నాడు. అతని భార్య కనకమ్మ పొద్దున మా ఇంట్లో పని చేసి పెడుతుంది. మెదక్ దిక్కు వాళ్లు. మొగుడూ పెళ్లాలిద్దరికీ నేను 'అమ్మ'ని. నిన్న కనకమ్మ చీపురు పట్టుకుని వాకిట్లో అలాగే నిలబడిపోయింది.

"అమ్మా, ఈ గాలి గాలి గాదు" అంది.

"మరేంటే?"

"గాలి!" అంది.

నేను నవ్వాను. దయ్యాలకీ వాతావరణానికీ తెలుగులో ఒకే మాట పెట్టారు మనవాళ్లు. అది మాత్రం నవ్వలేదు. గుట్టలోంచి పేరు పెట్టి పిలుస్తోందట. ఎవర్ని పిలుస్తోందే అంటే గబగబా ఊడ్చుకుంటూ పోయింది.

మార్చి ముప్పై ఒకటికి నీ ఉద్యోగం ఎలాగూ అయిపోతుంది. మిగిలిన సెలవులు వాడుకుని ఇప్పుడే దిగి రారాదూ? మీ బావగారు పోయినప్పటి నుంచి ముందు గది నీకోసం ఖాళీగానే ఉంది. కిటికీ తీస్తే గుట్ట కనిపిస్తుంది. నీకు కొండ కనపడకపోతే తోచదు కదా.

దీవెనలతో,
నీ అసిస్టెంటు అక్క


మనాలి పైన, శిబిరం,
29-1-1999.
మధ్యాహ్నం రెండున్నరకు +6. ఈ రోజుల్లో -7 ఉండాలి. గాలి నైరుతి నుంచి, గంటకు యాభై.

అక్కకు నమస్కారాలు.

నీ రీడింగు బాగుంది. గాలి 'గట్టిగా' అని రాయకు. కొమ్మలు ఊగుతున్నాయా, గేటు కొట్టుకుంటోందా, దుమ్ము లేస్తోందా రాయి. ముప్పై రెండేళ్లు పిల్లల చేత వ్యాసాలు రాయించావు, ఇదీ అలాంటిదే.

ముందుగా ఒక పొరపాటు సరిదిద్దాలి. ఇక్కడ వెచ్చగా ఉందని రాస్తే నువ్వు సంతోషించావు. అది సంతోషించే వార్త కాదక్కా. డిసెంబరులో పడిన మంచు కింద గట్టిగా గాజులా అయింది. దాని మీద జనవరి మంచు బరువుగా కూర్చుంది. ఇప్పుడు ఈ వెచ్చని గాలికి పైమంచు కరిగి నీళ్లు సందుల్లోకి దిగుతున్నాయి. పెనం మీద నూనె ఎక్కువైతే అట్టు ఏమవుతుంది? మా శిబిరం అలాంటి పెనం అంచున ఉంది. పదిరోజులుగా గాలి ఆగలేదు. పదకొండు చలికాలాల్లో ఇలాంటి జనవరిని నేను చూడలేదు.

కంగారు పడకు. మాకు కట్టుబాట్లు ఉన్నాయి. ఇక్కడ ఇద్దరమే ఉంటాం, నేనూ దోర్జే. దోర్జే ఈ లోయవాడే. వంట చేస్తాడు, దారి చూపిస్తాడు, నెలకోసారి నా జుట్టు కత్తిరిస్తాడు. మంచు మీద ఎవరూ ఒంటరిగా నడవకూడదు. ఇద్దరూ ఒకే తాడు కట్టుకుని నడవాలి. ఒకరు దిగితే రెండోవాడూ దిగాలి. నా బదులు మనిషి ఫిబ్రవరి 28న పైకి వస్తాడు, ఆ రోజే మేం దిగుతాం. అంతకు ముందు దిగితే నా పుస్తకంలో గడులు ఖాళీ పడతాయి. పదకొండేళ్లలో ఒక్క గడి ఖాళీ లేదు. రిటైరయ్యే నెలలో పడనివ్వను.

ఇంకొకటి. రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. నిన్నగాక మొన్న ఉదయం పదిన్నర దాటాక మంచు లోతు చూసే కొయ్య దగ్గర వంగి ఉన్నాను. ఎవరో "యజ్ఞం" అన్నారు. దోర్జే అనుకుని "ఏమిటి?" అనబోయి ఆగాను. దోర్జే నన్ను బాబూజీ అంటాడు, నా పేరు వాడికి నోరు తిరగదు. వాడు యాభై అడుగుల కింద తాడు చివర కూర్చుని చుట్ట కాలుస్తున్నాడు. పుస్తకంలో వివరాల గడిలో 'పిలుపు' అని రాసి పక్కన ప్రశ్నార్థకం పెట్టాను. పై అధికారులు చదివితే నాకు కాస్త ముందుగానే రిటైర్‌మెంటు ఇస్తారు.

మీ కనకమ్మకి వినపడే పిలుపు ఏ వేళప్పుడో అడిగి రాయి.

నీ తమ్ముడు
యజ్ఞం


కొత్తగూడ,
8-2-1999, సోమవారం.
ఉదయం ఎనిమిదిన్నరకు 25. గేటు కొట్టుకుంటోంది. దుమ్ము లేస్తోంది. నీ అక్కకి కొమ్మలు చూసే ఓపిక లేదు.

యజ్ఞానికి దీవెనలు.

నీకు వేళాకోళం ఎక్కువైంది. నేను కనకమ్మ సంగతి రాస్తే దానికి నువ్వు ఓ కథ అల్లి, నీ పేరు కూడా ఎవరో పిలిచారని, పుస్తకంలో రాశానని, అదిగో ప్రశ్నార్థకం అని నాకు రాస్తావా? చిన్నప్పుడు కూడా ఇంతే. నేను ఏది చూశానంటే నువ్వు దాన్ని రెండుసార్లు చూశానని చెప్పేవాడివి. అరవై దగ్గర పడుతున్నా మారలేదు.

అట్టు, పెనం అని రాసి కంగారు పడకు అంటే ఎవరు పడకుండా ఉంటారు? గడి ఖాళీ పడితే కొంప మునుగుతుందా? ఆ పుస్తకం నిన్ను చూడటానికి వస్తుందా, నీకు జ్వరం వస్తే కాఫీ పెడుతుందా? నువ్వు దిగి రావాలి. నాకు తమ్ముడివి ఒక్కడివే ఉన్నావు. పెద్దదాన్ని, బతిమాలుతున్నాను.

నువ్వు అడిగావని కనకమ్మని వేళ అడిగాను. సగం పొద్దెక్కాక అంది. తర్వాత నా చెయ్యి పట్టుకుని మెట్టు మీద కూర్చోబెట్టి చెప్పింది.

"అమ్మా, మీరు చదువుకున్నోళ్లు, నవ్వుతరు. గని ఒక్కటి యాది పెట్టుకోండ్రి. బయట నుంచి పిలుపు ఇనొస్తే ఒక్కసారికి పలకొద్దు, రెండుసార్లకి పలకొద్దు. మూడుసార్లు పిలిస్తెనే మనిషి. గాలికి మూడుసార్లు పిలిచే ఓపిక ఉండది. పలికినమా, మన ఎంబడే వస్తది."

నాకు నవ్వు రాలేదు యజ్ఞం. అమ్మ కూడా ఇదే చెప్పేది. బాపట్లలో మిట్టమధ్యాహ్నం వీధిలోంచి ఎవరు పిలిచినా మూడోసారి దాకా మనల్ని కదలనిచ్చేది కాదు. మన నోళ్లకి చెయ్యి అడ్డం పెట్టి, వేళ్లతో లెక్కపెట్టేది. ఆ ఊరెక్కడ, ఈ మెదక్ ఎక్కడ.

ఆఖరున అమ్మ నిన్ను మూడుసార్లూ పిలిచింది. మూడో పిలుపుకి కూడా నువ్వు లేవు.

ఈ మాట కొట్టేద్దామని పెన్ను పెట్టాను. కొట్టెయ్యను. నాలుగేళ్లుగా నా లోపలే ఉంది. నువ్వు పదకొండో రోజున వచ్చినప్పుడు కూడా అనలేదు, వచ్చినవాడికి అన్నం పెట్టాను.

ఇక్కడ ఒక వింత జరుగుతోంది. గాలి మధ్యలో ఉన్నట్టుండి ఆగిపోతుంది. గేటు సగం తెరుచుకుని అక్కడే నిలబడిపోతుంది. కనకమ్మ చేతిలో గిన్నె కింద పెట్టేస్తుంది. మళ్లీ గాలి మొదలయ్యాకే అంట్లు తోముతుంది. "వీస్తుంటే ఫికర్ లేదమ్మా, ఆగితెనే భయం" అంటుంది. మీ చదువులో దీనికేమంటారు?

దిగి రా.

పుణ్యవతి


శిబిరం,
17-2-1999.
మధ్యాహ్నం రెండున్నరకు +9. ఈ నెలలో ఇక్కడ ఎవరూ ఎన్నడూ రాయని అంకె. గాలి నైరుతి నుంచే. ఇరవై తొమ్మిదో రోజు.

అక్కకు.

నువ్వు ఆ మాట కొట్టెయ్యనందుకు మంచిదే అయింది. ఇక నేనూ చెప్పగలను.

అప్పుడు నాకు వచ్చిన తంతిలో నాలుగు మాటలు ఉన్నాయి. మదర్ సీరియస్ స్టార్ట్ ఇమ్మీడియట్లీ. అంతకు ముందు రెండుసార్లు అమ్మకి అలాగే అయి, లేచి కూర్చుని పప్పుచారు అడిగింది కదా, ఈసారీ అంతే అనుకున్నాను. తంతిని జేబులో పెట్టుకుని సాయంత్రం రీడింగు తీశాను. మర్నాడు ఉదయం తీశాను. నా బదులు మనిషి పైకి ఎక్కి వచ్చేదాకా తీస్తూనే ఉన్నాను. అతను మూడో రోజుకి వచ్చాడు. ఆ మూడు రోజుల అంకెలు ఒక్కటీ వంకర పోకుండా రాశాను. ఆ పేజీ నేను మళ్లీ తెరవలేదక్కా. నాకు సిగ్గు.

వేళాకోళం మాట. నీ కనకమ్మ మీద ఒట్టు, నేను అల్లలేదు. నువ్వు నమ్మకపోయినా ఈ రెండోది రాస్తున్నాను. నిన్న మళ్లీ పిలిచారు. అదే కొయ్య దగ్గర, దాదాపు అదే వేళకి. ఈసారి యజ్ఞం అని కాదు. 'చిట్టినాన్నా' అని.

అమ్మ ఒక్కతే పిలిచిన ఆ పేరు ఈ లోకంలో ఇప్పుడు ఇద్దరికే తెలుసు, నీకూ నాకూ. నువ్వు కూడా ఎప్పుడూ అలా పిలవలేదు.

నేను పలకలేదు. అమ్మ చెయ్యి నా నోటికి అడ్డం ఉన్నట్టే అనిపించింది. వేళ్లు లెక్కపెడుతూ నిలబడ్డాను, రెండో వేలు దగ్గర ఆగిపోయింది. నా చదువులో దీనికి సమాధానం ఉంది. వెచ్చని గాలి ఇన్నిరోజులు వీస్తే మనిషికి తల నొప్పి పుడుతుంది, నిద్ర పట్టదు, చెవుల్లో హోరు వస్తుంది. ఇది పుస్తకాల్లోనే ఉంది. దోర్జేకి చెబితే ఆ పుస్తకం ఊసు ఎత్తకుండా టీలో వెన్న ఎక్కువ వేసి ఇచ్చాడు.

శిబిరం పైన వాలులో ఒక గీత పడింది. నా అరచెయ్యి దూరేంత వెడల్పు. కింద వాళ్లకి వైర్‌లెస్‌లో చెప్పాను. అవసరమైతే దిగిపొమ్మన్నారు. అవసరమో కాదో చెప్పాల్సింది నేనే కదా. ఇంకా పదకొండు రోజులే ఉన్నాయి. గీత రోజుకి ఒక వేలు చొప్పున పెరుగుతోంది. నా లెక్క ప్రకారం 28 దాకా ఆగుతుంది.

గాలి ఆగడం గురించి అడిగావు. ఇక్కడింకా ఆగలేదు. ఆగితే ఏమవుతుందని దోర్జేని అడిగాను. వాడు లేచి వెళ్లి తాడు ముడులు మళ్లీ బిగించాడు.

యజ్ఞం


మనాలి,
27-2-1999.
ఆసుపత్రి మంచం మీద. డిగ్రీలు తెలియవు.

అక్కా,

నువ్వు ఎలా ఉన్నావు? ముందు అది చెప్పు. మిగతాది తర్వాత చదువు.

23వ తేదీ మధ్యాహ్నం వైర్‌లెస్‌లో కింద నుంచి పిలిచి, నీకు తంతి వచ్చింది, రాసుకో అన్నారు. పెన్సిలు తీశాను. ఒక్కొక్క మాటే చదివాడు. మదర్. సీరియస్. స్టార్ట్. ఇమ్మీడియట్లీ.

నాకు మొదట ఏమీ తోచలేదు. నాలుగేళ్ల కిందటి తంతిని ఇతను ఇప్పుడెందుకు చదువుతున్నాడు అనుకున్నాను. తేదీ అడిగాను. ఫిబ్రవరి 22, హైదరాబాదు అన్నాడు. మళ్లీ చదవమన్నాను. అవే నాలుగు మాటలు. మీ అమ్మగారి వయసెంత బాబూజీ అని జాలిగా అడిగాడు. ఏం చెప్పను? చనిపోయి నాలుగేళ్లయిందని చెప్పలేకపోయాను.

రెండు పిలుపులు విన్నవాణ్ణి. ఇది మూడోది.

24వ తేదీ ఉదయం ఆరున్నరకే నేనూ దోర్జే తాడు కట్టుకుని దిగాం. ఎనిమిదిన్నర రీడింగు తియ్యలేదు. నా బదులు మనిషి కోసం ఆగలేదు. రెండున్నర గంటలు నడిచి ఎదుటి గట్టు ఎక్కేసరికి గాలి ఆగింది. ముప్పై ఆరు రోజులుగా చెవుల్లో ఉన్న హోరు ఒక్కసారిగా లేకుండా పోయింది. దోర్జే నా భుజం పట్టుకుని వెనక్కి తిప్పాడు. వాలు మొత్తం కదిలింది. మొదట చప్పుడు లేదు, చప్పుడు తర్వాత వచ్చింది. మంచు పొడి అణిగాక చూస్తే శిబిరం ఉన్న చోట ఏమీ లేదు, చదునుగా ఉంది. గడియారం తొమ్మిది దాటి పది నిమిషాలు చూపిస్తోంది. ఆ వేళకి రోజూ మేం గుడారంలో రెండో టీ తాగుతూ ఉంటాం. నా లెక్క తప్పిందక్కా. నాలుగు రోజుల తేడా వచ్చింది.

నా కాలి వేళ్లు రెండు నల్లబడ్డాయి, ఇంకో రెండు వారాలు కదలొద్దంటున్నారు. కింది దారి కూడా మంచు పడి మూసుకుంది, టపా మాత్రం మనుషులు మోసుకుని దిగుతున్నారు. తంతి ఇద్దామంటే తీగలు తెగాయట. ప్రవీణ ఆఫీసు నంబరు రాసుకున్న పుస్తకం పైన మంచు కింద ఉంది. అందుకే ఉత్తరం.

నిజం చెప్పు. నన్ను దింపడానికి నువ్వే అమ్మ పేరు వాడావా? వాడి ఉంటే ఎంత మంచి పని చేశావో నీకు తెలియదు, కోపం లేదు. నువ్వు కాకపోతే మాత్రం, ఎవరు పంపారు?

చిట్టినాన్న


కొత్తగూడ,
8-3-1999, సోమవారం.
కనకమ్మ చూసి చెప్పిన లెక్క: ఎర్ర గీత నా బొటనవేలంత పైకి ఎక్కింది. గాలి లేదు.

నా చిట్టినాన్నకి.

నీ ఉత్తరం పట్టుకుని గంటసేపు ఏడ్చాను. కనకమ్మ పరేషాన్ అయి పోచయ్యని పిలుచుకొచ్చింది. నా తమ్ముడు బతికే ఉన్నాడే అంటే ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు, బతికి ఉన్నవాడికి ఏడుపెందుకని.

నేను తంతి ఇవ్వలేదు యజ్ఞం. ఇచ్చే స్థితిలో లేను. 22న కాలు విరిగి దవాఖానలో ఉన్నాను. తొడ దగ్గర నుంచి సిమెంటు కట్టు వేశారు. ప్రవీణ ఆ వారం ట్రైనింగుకని బెంగుళూరు వెళ్లింది. నన్ను ఎత్తి కాంట్రాక్టరు జీపులో వేసుకుపోయింది పోచయ్యే.

నీ ఉత్తరం చదివి పోచయ్యని నిలదీశాను, తంతి సంగతి నీకేమైనా తెలుసా అని. అతను తల గోక్కున్నాడు.

"నేనే కొట్టించిన అమ్మా. మీకు సోయి లేకుండె. ప్రవీణమ్మ ఊర్ల లేకపాయె. మీ తమ్మునికన్న ఎరుక జెయ్యాలె గద అని, గూట్ల ఉన్న ఆయన ఉత్తరం పట్టుకొని సైకిల్ మీద తార్ ఆఫీసుకు పోయిన."

"ఏమని చెప్పావయ్యా?"

"అమ్మకు సీరియస్‌గ ఉంది, జల్ది రమ్మని కొట్టుండ్రి అన్న. గా సారు ఇంగ్లీషుల ఏం రాసిండో నాకేమెరుక? నేనైతే అమ్మ అనే జెప్పిన. మీరు అమ్మనే గదా!"

విన్నావా? అంతే. నేను వాళ్లకి అమ్మని. అక్కడి గుమాస్తాకి అమ్మంటే అమ్మే, మదర్ అని రాసేశాడు. అందరి తంతుల్లాగే మిగతా మూడు మాటలు కూడా తగిలించాడు. ఇప్పుడు నాకు నవ్వు కూడా వస్తోంది. పనివాళ్లు ఇంటావిడని పిలిచే వరసలోంచి నీ ప్రాణం జారి బయటపడింది. పోచయ్యకి ఆ సంగతి చెబితే, "గట్లనా, మంచిగైంది" అని బీడీ వెలిగించుకున్నాడు.

ఇక్కడితో ఉత్తరం ముగించేస్తే ఇద్దరం హాయిగా ఉంటాం. కాని నేను ఎలా పడ్డానో నువ్వు అడుగుతావు. ప్రవీణకి కాలు జారిందని చెప్పాను. నీకు అబద్ధం చెప్పలేను.

ఆ సోమవారం పొద్దున కనకమ్మ పని ముగించుకుని కూరగాయలకని కొత్తగూడ చౌరస్తాకి వెళ్లింది. నేను వసారాలో బియ్యం ఏరుకుంటున్నాను. గాలి విపరీతంగా ఉంది. గుట్ట వైపు నుంచి "అమ్మా!" అని కేక వినపడింది. ఒక్కసారే. నొప్పితో వేసిన కేక. కనకమ్మ వచ్చేస్తూ రాళ్లలో పడిందేమో అనుకున్నాను. నన్ను అలా పిలిచేది అదే కదా. చేట కింద పెట్టి, "ఆఁ, వస్తున్నానే, వస్తున్నా" అని పలుకుతూ పరుగెత్తాను. మూడు పిలుపుల మాట గుర్తే రాలేదు. దెబ్బ తగిలి అరిచేవాళ్లు మూడుసార్లు పిలిచేదాకా ఎవరు ఆగుతారు?

గుట్ట దగ్గర ఎవరూ లేరు. కొట్టిన రాళ్ల కంకర మీద కాలు జారి పడ్డాను. పడగానే గాలి ఆగింది. మోదుగ ఆకు కూడా కదల్లేదు. ఆ నిశ్శబ్దంలో పడుకుని, నేను విన్న గొంతు కనకమ్మది కాదని తెలుసుకున్నాను. అది మగ గొంతు. నాకు బాగా తెలిసిన గొంతు. తర్వాత స్పృహ లేదు.

నా చేతి వాచీ రాయికి తగిలి పగిలింది. ముళ్లు ఎక్కడ ఆగాయో చూశాను. ఇక్కడ రాయను.

ఆ ఉదయం నువ్వు ఏం చేస్తున్నావు యజ్ఞం? రాయాలనిపిస్తే రాయి. భయమైతే రాయకు, నేనేమీ అనుకోను.

అమ్మని కాదు,
అక్కని


మనాలి,
17-3-1999.
ఉదయం ఎనిమిదిన్నర. కొలవలేదు.

అక్కా,

నీ కాలు విరిగిందని చదివి నా రెండు వేళ్లు పోయినందుకు బాధ తగ్గింది. ఇకనుంచి ఇద్దరం ఒక నడకకే సరిపోతాం.

పోచయ్యకి నా నమస్కారం చెప్పు. నాకంటే పదిహేనేళ్లు చిన్నవాడైనా సరే, నమస్కారమనే చెప్పు. తంతి సంగతి తేలాక దోర్జేకి కూడా వివరించాను. వాడు అంతా విని, "ఆ వాచ్‌మన్‌కి ఆ ఆలోచన పుట్టించింది ఎవరు?" అన్నాడు.

22వ తేదీ సోమవారం ఉదయం. భయంగానే ఉంది, అయినా రాస్తున్నాను. కొయ్య దగ్గరికి వెళ్లాను. పైన గట్టిగానే కనిపించింది, కాలు వేయగానే లోపలికి దిగిపోయాను, చంకల దాకా. మోకాలు ఏదో రాయికి గుద్దుకుంది. నొప్పికి "అమ్మా" అని అరిచాను. ఒక్కసారే. తెలుగువాడు ఇంకేమని అరుస్తాడు? దోర్జే తాడు లాగి బయటికి తీశాడు. చిన్న సంగతే కదా అని నీకు ముందు ఉత్తరంలో రాయలేదు.

అరిచాక వెంటనే ఒకటి విన్నాను. దాన్నీ రాయలేదు. ఎవరో దూరం నుంచి "వస్తున్నా" అన్నారు. దోర్జే హిందీలో ఏదో అంటే అలా వినపడిందని సరిపెట్టుకున్నాను. నీ ఉత్తరంలో నువ్వు పలికిన మాట చదివేదాకా సరిపెట్టుకునే ఉన్నాను.

టైము నా జేబు పుస్తకంలో ఉంది. అది నాతోనే దిగింది. నీ వాచీ దాచి ఉంచు, బాగుచేయించకు. నేను వచ్చాక రెండూ పక్కపక్కన పెడదామా వద్దా అనేది అప్పుడు ఆలోచిద్దాం. నాకైతే వద్దనే ఉంది.

రీడింగుల పుస్తకం కూడా నాతోనే దిగింది, దాని సంగతి ఇంకొకటి. పై ఆఫీసువాళ్లు వచ్చి, 24వ తేదీ ఉదయం గడి ఖాళీగా ఉందే, పక్క శిబిరం అంకె చూసి నింపుకోండి, అందరూ చేసేదే అన్నారు. నింపనన్నాను. పదకొండేళ్లలో అదొక్కటే ఖాళీ గడి, ఆ తర్వాత శిబిరమే లేదు. నాలుగేళ్ల కిందటే వదలాల్సిన గడి అది. అప్పుడు వదలలేదు, ఇప్పుడు వదిలాను. అమ్మ పిలిచింది, దిగాను. నువ్వు కొట్టెయ్యని ఆ మాట ఇక కొట్టెయ్యి అక్కా.

దారి తెరిచారు. ఏప్రిల్ రెండో తేదీకి రైలు దొరికింది, నాలుగున సికింద్రాబాదులో దిగుతాను. స్టేషనుకి ఎవరినీ పంపకు. ఆటోలో కొత్తగూడ దాకా వచ్చి, మీ గేటు బయటే నిలబడి పిలుస్తాను. మొదటిసారికి లేవకు, కట్టు కాలుతో మళ్లీ పడతావు. రెండోసారికీ లేవకు. గాలి ఉన్నా, లేకపోయినా, నువ్వు కిటికీలోంచి నన్ను చూస్తూ ఉన్నా సరే, నేను మూడుసార్లూ పిలుస్తాను.

మూడోసారికి పలుకు.

నీ తమ్ముడు
యజ్ఞం